మధ్యలో మాట్లాడొద్దు: పాత సైన్స్ ఫిక్షన్ చెవికెందుకు పట్టుబడుతుంది

హెచ్.జి. వెల్స్ రాసిన ‘ది టైమ్ మెషీన్’ 1895లో వచ్చింది. ఆ చిన్న నవలలో కథానాయకుడు భవిష్యత్తులోకి వెళ్లి తిరిగొచ్చేసరికి అతిథులు భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉంటారు. ఆయన కోటు నిండా దుమ్ము, గడ్డం మీద సగం మానిన గాయం. కాళ్లకు బూట్లు లేవు, రక్తం మరకలున్న చిరిగిన మేజోళ్లు మాత్రం ఉన్నాయి. కుంటుకుంటూ వచ్చి మొదట అడిగేది మాంసం. కాసిని ముక్కలు తనకు మిగల్చమని చెప్పి, ఒళ్లు కడుక్కుని బట్టలు మార్చుకొచ్చి, కడుపు నిండాక ఒక షరతు పెడతాడు. జరిగిందంతా చెబుతాడట, కానీ వాదించే ఓపిక లేదట. మధ్యలో ఎవరూ అడ్డు రాకూడదట.

ఆడియోబుక్ పద్ధతి కూడా అచ్చం ఇదే. ఒకరు చెబుతారు, వినేవాళ్లు నోరు మెదపరు. ఈ షరతు 130 ఏళ్ల కిందటి పుస్తకంలోనే ఉందంటే అది ఊరికే కలిసొచ్చిన సంగతి కాదు. పాత సైన్స్ ఫిక్షన్ నవలల్లో చాలా వాటిని ఎవరో ఒకరు నోటితో చెబుతున్నట్టే కట్టారు. అలా కట్టినవి ఈ రోజు చెవికి పెట్టుకుంటే చక్కగా నిలబడతాయి. లెక్కలతో, జాబితాలతో కట్టినవి మాత్రం తడబడతాయి. రెండు రకాలూ గొప్ప పుస్తకాలే అయినా, హెడ్‌సెట్ పెట్టుకున్న మొదటి అరగంటలోనే తేడా తెలిసిపోతుంది.

నెల్లూరులో చెన్నై వైపు రైలెక్కితే ‘ది టైమ్ మెషీన్’ దాదాపు ప్రయాణంతో పాటే నడుస్తుంది. ఇంగ్లిష్‌లో అది సుమారు 32 వేల మాటల పుస్తకం. ఆడియోబుక్ చదివేవాళ్లు మామూలుగా నిమిషానికి 150, 160 మాటలు చదువుతారు కాబట్టి మొత్తం మూడున్నర గంటలు. స్పీడ్ కాస్త పెంచితే, చెన్నై చేరే ముందు బేసిన్ బ్రిడ్జి దగ్గర సిగ్నల్ కోసం రైలు నిలబడేసరికి కథ అయిపోతుంది. గూడూరు దాటేలోపు బల్ల దగ్గర చర్చ ముగుస్తుంది, నాయుడుపేట వచ్చేటప్పటికి యంత్రం కదులుతుంది. సూళ్లూరుపేట బోర్డు కనబడేసరికి వినేవాడు క్రీస్తు శకం 8,02,701లో తిరుగుతుంటాడు. శ్రీహరికోటకు దిగాల్సిన స్టేషన్‌లో ఆ సంవత్సరం చెవిన పడటం ఒక చిన్న సరదా.

ఈ నవల చెవికి తేలిగ్గా ఎక్కడానికి ఇంకో కారణం పేర్లు. ఆ బల్ల చుట్టూ ఉన్న అతిథుల్లో ఫిల్బీ అనే ఒక్కాయనకే సరైన పేరుంది. మిగతావాళ్లు డాక్టరు, మానసిక శాస్త్రవేత్త, మేయరు, ఎడిటరు, ఒక కుర్రాడు. అసలు కథానాయకుడికే పేరు లేదు. కాగితం మీద ఇది వింతగా అనిపించొచ్చు. వినేటప్పుడు మాత్రం ప్రాణం హాయిగా ఉంటుంది, ఎవరు మాట్లాడుతున్నారో వెనక్కి వెళ్లి చూసుకునే పని లేదు. మన ఊళ్లలో కరణం గారు, డాక్టరు గారు, మేష్టారు అని పనిని బట్టి పిలిచినట్టే. అసలు పేరు తెలియకుండానే ఆ మనిషి గురించి అరగంట మాట్లాడుకుంటాం.

నమ్మలేని సంగతి చెప్పాలంటే సాక్షి కావాలి. పాత సైన్స్ ఫిక్షన్ రచయితలకు ఇది మొదటి చిక్కు. పెళ్లి చూపుల కథకో ఆస్తి తగాదా కథకో సాక్షి అక్కర్లేదు, అలాంటివి పాఠకుడి ఇంట్లోనే జరుగుతుంటాయి. అంగారకుడి నుంచి ఎవరో దిగారంటే మాత్రం ‘నేను చూశాను, నా చేయి కాలింది’ అనే మనిషి ఒకడు ముందు నిలబడాలి. అందుకే ఈ నవలల్లో అంతటా ‘నేను’ కనిపిస్తుంది. డైరీ, ఉత్తరం, భోజనాల తర్వాతి కబురు, ఏ రూపంలో ఉన్నా అది వాంగ్మూలమే. వాంగ్మూలాన్ని కంటితో చదివినప్పటి కంటే చెవితో విన్నప్పుడు నమ్మకం ఎక్కువ. పైగా 19వ శతాబ్దంలో ఇంట్లో ఒకరు పైకి చదువుతుంటే మిగతావాళ్లు చుట్టూ కూర్చుని వినడం మామూలు అలవాటు. కొత్త సంగతని మనం అనుకునేది నిజానికి ఈ పుస్తకాలు పుట్టిన చోటికి తిరిగి వెళ్లడమే.

మేరీ షెల్లీ 1818లో అచ్చు వేయించిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’లో ఈ పద్ధతి మూడు పొరలుగా ఉంటుంది. ఓడ నాయకుడు వాల్టన్ తన అక్కకు ఉత్తరాలు రాస్తాడు. ఆ ఉత్తరాల్లో విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ చెప్పిన కథ ఉంటుంది. ఆ కథ లోపల ఆయన సృష్టించిన ప్రాణి తన గోడు తానే చెప్పుకుంటుంది. ముగ్గురూ ‘నేను’ అనే అంటారు. పుస్తకంలో కొటేషన్ గుర్తులు, అధ్యాయాల తలలు దారి చూపిస్తాయి. ఆడియోలో చదివేవారు గొంతు మార్చకపోతే, పాలు పొంగాయని రెండు నిమిషాలు వంటింట్లోకి వెళ్లొచ్చిన శ్రోతకు ఇప్పుడు మాట్లాడుతున్నది మనిషో, ఆ మనిషి చేసిన ప్రాణో అర్థం కాదు. రచయిత్రి ఉద్దేశం కూడా కొంత అదేనేమో అనిపిస్తుంది, అది వేరే చర్చ.

తెలుగు శ్రోతకు ఈ పొరలు కొత్తేమీ కాదు. భారతం సూతుడు శౌనకాది మునులకు చెప్పింది. దాని లోపల వైశంపాయనుడు జనమేజయుడికి చెప్పింది. దానికీ లోపల, కురుక్షేత్రం మొత్తం సంజయుడు ధృతరాష్ట్రుడికి చెప్పింది. చూపులేని రాజు యుద్ధాన్నంతా చెవితో అనుభవించాడు. ఆ యుద్ధ పర్వాలు తెలుగులోకి వచ్చింది నెల్లూరులోనే. 13వ శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన విరాట పర్వం మొదలుకుని 15 పర్వాలు తెలుగు చేశాడు. ఆయన ఆశువుగా చెబుతుంటే గురునాథుడు రాసేవాడని ఐతిహ్యం. ఒకచోట పద్యం నడవక తిక్కన ఆగిపోయి, ఉసూరుమంటూ ‘ఏమి సెప్పుదుం గురునాథా’ అన్నాడట. లేఖకుడు గంటం ఆపలేదు. ఎందుకని అడిగితే పద్యం పూర్తయిందిగా అన్నాడట. సంజయుడు ధృతరాష్ట్రుడితో మాట్లాడే సందర్భమది. ‘ఏమి చెప్పను కురునాథా’ అనే మాట అక్కడ అతికినట్టు సరిపోతుంది. సంధిలో ‘కు’ కాస్తా ‘గు’ అవుతుంది కాబట్టి చెవికి రెండూ ఒకటే.

ఇది జరిగిందా లేదా అన్నది పక్కన పెడితే, వినడం ఎలాంటి పనో ఈ కథ చెప్పినంత బాగా ఏ పాఠ్యపుస్తకమూ చెప్పదు. చెవికి అక్షరాలు కనబడవు. ఒకే శబ్దంలో రెండు మాటలుంటే ఏది తీసుకోవాలో సందర్భాన్ని బట్టి తేల్చుకోవాలి. గురునాథుడు తేల్చుకోగలిగాడు, ఎందుకంటే కథ ఎక్కడ నడుస్తోందో అతనికి తెలుసు. ఆడియోబుక్ శ్రోతకూ కావలసింది అంతే. కథ తాడు చేతిలో ఉన్నంతసేపు తెలియని మాట ఒకటి జారిపోయినా నష్టం లేదు. తాడు వదిలేస్తే తెలిసిన మాట కూడా అక్కరకు రాదు.

వెల్స్‌దే ఇంకో నవల ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’, అంగారకులు ఇంగ్లండ్ మీద దాడి చేసే కథ. 1897లో పత్రికలో సీరియల్‌గా వచ్చి, 1898లో పుస్తకమైంది. సుమారు 60 వేల మాటలు, ఆరున్నర ఏడు గంటల వినికిడి. ఇందులోనూ చెప్పేవాడికి పేరు లేదు. ఇబ్బందల్లా ఊళ్ల పేర్లతోనే. వోకింగ్, హోర్సెల్, వేబ్రిడ్జ్, చెర్ట్సీ, లెదర్‌హెడ్ అంటూ వరసగా వస్తుంటాయి. వెల్స్ ఆ ప్రాంతంలో ఉంటూ సైకిల్ మీద తిరిగి, ఏ ఊరు ఎలా నాశనం కావాలో చూసుకుని మరీ రాశాడు. ఆ ఇలాకా వాళ్లకు ప్రతి పేరూ గుండెలో గుబులు పుట్టించి ఉంటుంది. ఇక్కడి శ్రోతకు అవి ఒట్టి చప్పుళ్లు. వోకింగ్ నుంచి లండన్ సుమారు 40 కిలోమీటర్లు, అంటే నెల్లూరు నుంచి కావలి అంత దూరం కూడా లేదు. అంగారకులు వచ్చిన మొదటి సిలిండర్ కావలి బయట బీట్లో పడిందని, మర్నాటికి అల్లూరు, కొడవలూరు తగలబడుతున్నాయని, జనం నెల్లూరులో ఇంకా టీ తాగుతూ పేపర్ చదువుతున్నారని ఊహించుకుంటే పుస్తకంలోని భయం సగం అర్థమవుతుంది. మ్యాప్ ఒకటి ఫోన్‌లో ముందే చూసుకుని మొదలుపెడితే మిగతా సగం.

నవల మధ్యలో చెప్పేవాడు ఉన్నట్టుండి తన తమ్ముడి కథలోకి మళ్లుతాడు. లండన్‌లో వైద్యం చదువుతున్న ఆ తమ్ముడికి కూడా పేరు లేదు. వినేటప్పుడు చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. ‘మై బ్రదర్’ అనే మాట వందసార్లు వినిపిస్తుంది కానీ మొదటిసారి వినిపించినప్పుడు ధ్యాస బస్సు కండక్టరు మీదుంటే, ఆ తర్వాత గంటసేపు ఇద్దరు మనుషులు ఒకరైపోతారు. తెలుగులో ఈ చిక్కు కొంత తక్కువ. ‘మా తమ్ముడు’ అన్న క్షణంలోనే వయసు, వరస రెండూ తేలిపోతాయి.

ఇదే నవలలో చెవికి మాత్రమే పూర్తిగా దక్కే చోటొకటి ఉంది. చివరికొచ్చేసరికి చెప్పేవాడు నిర్మానుష్యమైన లండన్ వీధుల్లో నడుస్తుంటాడు. దూరంగా ఎక్కడో ఒక రోదన. పుస్తకంలో అది ‘ఉల్లా, ఉల్లా, ఉల్లా, ఉల్లా’ అని అచ్చయి ఉంటుంది. తెలుగు చెవికి మొదటిసారి ఉల్లిపాయల బండి కేకలా తగిలినా తప్పు పట్టలేం. కంటితో చదివేవాళ్లు ఆ అక్షరాల మీదుగా అర సెకనులో జారిపోతారు. చదివి వినిపించేవారికి ఆ వెసులుబాటు లేదు. ఏదో ఒక గొంతుతో, ఏదో ఒక శ్రుతిలో అది పలకాల్సిందే. కొందరు సిగ్గుపడి మామూలు మాటలా అనేస్తారు. ధైర్యం ఉన్నవారు దాన్ని లాగి, తగ్గించి, మళ్లీ మళ్లీ వచ్చినప్పుడల్లా కాస్త నీరసంగా పలుకుతారు. అప్పుడు అది చచ్చిపోతున్న ప్రాణి మూలుగని శ్రోతకు ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. ఆ మూలుగు ఆగిపోయే చోట నిశ్శబ్దమే పెద్ద శబ్దం. చదివేవారు అక్కడ రెండు సెకన్లు ఊపిరి బిగబట్టారా లేదా అన్న ఒక్క దాన్ని బట్టే ఆ రికార్డింగ్ మంచిదో కాదో చెప్పేయవచ్చు.

అంగారకుల్ని చంపింది తుపాకులు కావు, బ్యాక్టీరియా. వాళ్లతో వచ్చిన ఎర్ర కలుపు కూడా కాలవలు, నదులు నింపేసి అలాగే కుళ్లిపోతుంది. గుర్రపుడెక్క పట్టిన కాలవను చూసినవాళ్లకు ఆ పేజీలకు బొమ్మలు అక్కర్లేదు.

ఈ కథ రేడియోకెక్కిన సంగతి అందరూ చెప్పేదే. 1938 అక్టోబర్ 30న అమెరికాలో ఆర్సన్ వెల్స్ అనే మరో వెల్స్ దాన్ని వార్తా ప్రసారంలా మార్చి వినిపించాడు. దేశమంతా వీధుల్లోకి పరిగెత్తిందన్నది మాత్రం పత్రికలు పెంచి చెప్పిన మాటని తర్వాతి పరిశోధకులు తేల్చారు. ఇక్కడ పట్టించుకోవలసిన విషయం వేరే ఉంది. ఆ గంట నాటకం నవల కాదు. ఊరు మారింది, దేశం మారింది, తమ్ముడి కథ ఎగిరిపోయింది. ఆడియోలో ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’ విన్నామని చెప్పే చాలామంది విన్నది ఏదో ఒక నాటకీకరణే. అది తక్కువదేమీ కాదు. విజయవాడ ఆకాశవాణిలో సంక్షిప్త శబ్ద చిత్రం వింటూ పెరిగిన ఒంగోలు, కందుకూరు ఇళ్లకు, బొమ్మ లేకుండా సినిమా చూడటం ఎంత బాగుంటుందో ఒకరు చెప్పనక్కర్లేదు. కానీ సంక్షిప్తం సంక్షిప్తమే అని ఆ కార్యక్రమం పేరులోనే ఒప్పుకుంది. ఆడియోబుక్ అమ్మేవాళ్లలో అందరికీ ఆ నిజాయితీ లేదు.

జూల్ వెర్న్ దగ్గరికొస్తే ఇది ఇంకా ముదురుతుంది. ‘ట్వంటీ థౌజండ్ లీగ్స్ అండర్ ది సీ’ 1869, 1870లలో ఫ్రెంచ్‌లో సీరియల్‌గా వచ్చింది. ఇంగ్లిష్‌లోకి తొందరగా తెచ్చిన పాత అనువాదం మెర్సియర్ లూయిస్ పేరుతో 1870ల మొదట్లో వెలువడింది. అందులో దాదాపు నాలుగో వంతు కోసేశారు. మిగిలిన దాంట్లోనూ తప్పులు. నెబ్రాస్కాలోని ‘బ్యాడ్‌ల్యాండ్స్’ అనే ప్రాంతం పేరు ‘అప్రియమైన భూభాగం’ అన్న అర్థంలోకి మారిపోయింది. హక్కులు తీరిపోయిన అనువాదం కాబట్టి ఉచిత రికార్డింగులకు ఎక్కువగా దొరికేది అదే. దాన్ని ఒక్క మాట వదలకుండా చదివి ‘అన్‌అబ్రిడ్జ్‌డ్’, అంటే కోత లేనిది, అని పెడతారు. అబద్ధం కాదు, చదివిన పుస్తకాన్ని కోయలేదు. ఆ పుస్తకమే ముందే కోసేసిందన్న సంగతి మాత్రం బయటికి రాదు. వెర్న్ ఆడియో ఎంచుకునేటప్పుడు చదివేవారి పేరు కంటే ముందు అనువాదకుడి పేరు చూడటం మేలు. ఎఫ్.పి. వాల్టర్ చేసిన పూర్తి అనువాదం కూడా ఉచితంగానే దొరుకుతుంది.

అయితే, ఇక్కడే ఒక తిరకాసు ఉంది. పూర్తి అనువాదం అంటే పూర్తి చేపల జాబితాలు. వెర్న్ సముద్రంలోకి దిగిన ప్రతిసారీ పేజీకి ఇరవై ముప్పై జలచరాల పేర్లు పెడతాడు. కన్ను వాటి మీదుగా ఎగిరిపోగలదు. చెవి ఎగరలేదు, ప్రతి పేరునూ ఒక్కొక్కటిగా మింగాలి. ముప్పై సెకన్లు ముందుకు జరిపే బటన్ ఉందిగా అంటే, జాబితా ఎక్కడ ముగుస్తుందో తెలియక నాలుగుసార్లు నొక్కితే కథే దాటిపోతుంది. నిజానికి ఆ జాబితాల మధ్యలో వెర్న్ తనను తాను వెక్కిరించుకున్న చోటుంది. కథ చెప్పే ప్రొఫెసర్ దగ్గర పనిచేసే కాన్సెయ్‌కి చేపల్ని వర్గాలుగా విడదీయడం నోటికొచ్చు, కానీ ఎదురుగా ఈదే చేప ఏదో గుర్తుపట్టలేడు. హార్పూన్ విసిరే నెడ్ ల్యాండ్‌కు చూడగానే పేరు తెలుస్తుంది, వర్గీకరణ మాత్రం పట్టదు. చేపలెన్ని రకాలని అడిగితే తినేవి, తిననివి అని రెండే చెబుతాడు. వంజరమా, చందువానా, కానాగంతలా అని బుట్ట దించగానే చెప్పేసి, పులుసుకా వేపుడుకా అన్నదొక్కటే అడిగే మైపాడు, కొత్తపట్నం తీరాల్లో నెడ్ ల్యాండ్‌కు ఓటు పడుతుందనడంలో సందేహం లేదు.

కావలి నుంచి చినగంజాం దాకా తీరం వెంబడి రొయ్యల గుంతల గట్ల మీద రాత్రి కాపలా కాసేవాళ్లకు ఫోనే తోడు. ఏరియేటర్లు తిరుగుతూనే ఉండాలి, కరెంటు పోతే జనరేటర్ వేయాలి. ఆక్సిజన్ తగ్గితే రొయ్య పైకి తేలుతుంది. నిద్రపోకూడదు, అలాగని ఊరికే కూర్చోనూలేరు. చేతులు ఖాళీ, కళ్లకు పని, చెవులు తీరిగ్గా ఉన్న ఇలాంటి పనులకే ఆడియో కుదురుతుంది. వెర్న్ నవల రెండో భాగం మొదట్లో కథ నడిచే జలాంతర్గామి నాటిలస్ హిందూ మహాసముద్రంలోకి, బంగాళాఖాతం ముఖద్వారం దాకా వస్తుంది. గంగ మోసుకొచ్చిన శవాలు నీళ్ల మీద తేలుతుంటాయి. ఆ సాయంత్రం చంద్రుడు లేకుండానే సముద్రమంతా పాలలా తెల్లబడుతుంది. లెక్కలేనన్ని సూక్ష్మజీవుల వెలుగని ప్రొఫెసర్ వివరిస్తాడు. ఇప్పటి శాస్త్రం కూడా పాలసముద్రాలకు కారణం వెలుగునిచ్చే బ్యాక్టీరియా అనే అంటోంది. క్షీరసాగరం అన్న మాట పుట్టినప్పటి నుంచీ ఎరిగిన చెవికి, అదే సముద్రం ఒడ్డున, చీకట్లో ఆ అధ్యాయం వినిపించడం కుర్చీలో చదివినట్టు ఉండదు.

కొద్ది అధ్యాయాల తర్వాత సింహళం దగ్గర ముత్యాల కోసం మునిగిన ఒక బీద భారతీయుడిని సొరచేప నుంచి నాటిలస్ నాయకుడు కెప్టెన్ నెమో కాపాడతాడు. ముత్యాల సంచీ అతని చేతిలో పెట్టి పంపేస్తాడు. తర్వాత ప్రొఫెసర్‌తో, ఆ మనిషి అణచివేతకు గురైన దేశంవాడని, చివరి ఊపిరి దాకా తానూ ఆ దేశంవాడినేనని అంటాడు. నెమో ఎవరో ఈ నవల చెప్పదు. 1875లో పూర్తయిన ‘ది మిస్టీరియస్ ఐలాండ్’లో తెలుస్తుంది: బుందేల్‌ఖండ్ రాజకుమారుడు డక్కర్, 1857 తిరుగుబాటులో పోరాడినవాడు. ఇది తెలిశాక రికార్డింగుల్లో నెమోకు పెట్టే గొంతు వింతగా తోస్తుంది. ఎక్కువమంది ఆయన్ని గంభీరమైన ఐరోపా దొరగానే పలికిస్తారు. ఒక భారతీయుడు ఇంగ్లిష్‌లో, కోపాన్ని అణచుకుంటూ మాట్లాడితే ఎలా ఉంటుందో ఒక్కరైనా చదివి చూపిస్తే బాగుండును. పేరులోని 20 వేల లీగులు కూడా లోతు కాదు, తిరిగిన దూరం, అంటే 80 వేల కిలోమీటర్లు. అంత లోతుంటే భూమిని ఆరుసార్లు తూట్లు పొడవాలి.

అంకెల దగ్గర చెవి పూర్తిగా ఓడిపోతుంది. వెర్న్ 1865లో రాసిన ‘ఫ్రమ్ ది అర్త్ టు ది మూన్’లో నాలుగో అధ్యాయం ఖగోళ పరిశోధనశాల నుంచి వచ్చిన జవాబు, అంతా లెక్కలే. చంద్రుడి మీదికి పేల్చే ఫిరంగి గుండు సెకనుకు 12 వేల గజాల వేగంతో బయలుదేరాలి. అది సుమారు 11 కిలోమీటర్లు. భూమి ఆకర్షణను దాటడానికి కావలసిన 11.2కు ఎంత దగ్గరో చూస్తే ఒళ్లు ఝల్లుమంటుంది. కానీ వింటుంటే ఏం తెలుస్తుంది? గజాలను మీటర్లు చేసుకునేలోపు ఇంకో మూడు అంకెలు దాటిపోతాయి. పైగా ఇంగ్లిష్ లెక్క మిలియన్లలో, మన బుర్ర లక్షల్లో. వెల్స్ కథలో ‘థర్టీ మిలియన్’ అన్నప్పుడు అది మూడు కోట్లని తట్టేసరికి ఆ ఎర్రటి సూర్యుడు, ఆ చచ్చిన సముద్రం వెనక్కి వెళ్లిపోతాయి. ఇలాంటి అధ్యాయాలను చదువుకుని, మిగతావి వినడమే తెలివైన పని. 900 అడుగుల ఫిరంగిలో ఆ వేగం అందుకోవాలంటే లోపలి మనుషుల మీద గురుత్వానికి 20 వేల రెట్లకు పైగా ఒత్తిడి పడుతుందని, ముగ్గురూ మొదటి క్షణంలోనే పచ్చడైపోతారని లెక్క తేలేది కాగితం మీదే.

వెర్న్ తన ఫిరంగిని ఫ్లోరిడాలో పెట్టాడు. చంద్రుడు నడినెత్తికి రావాలంటే 28 డిగ్రీల అక్షాంశం లోపు ఉండాలన్నది ఆయన కారణం. శ్రీహరికోట ఉన్నది 14 డిగ్రీల లోపు, అక్కడ కారణం వేరు. భూమి తూర్పుకు తిరిగే వేగం భూమధ్యరేఖకు దగ్గరయ్యే కొద్దీ ఎక్కువగా కలిసొస్తుంది, తూర్పున ఖాళీ సముద్రం ఉంది. 1971 అక్టోబర్ 9న మొదటి చిన్న రాకెట్ ఎగిరినప్పుడూ, 2008లో మొదటి చంద్రయాన్ వెళ్లినప్పుడూ ఆ దీవి నెల్లూరు జిల్లాదే. 2022లో తిరుపతి జిల్లాలోకి పోయింది. పదిహేను కిలోమీటర్ల దూరంలో నిలబడి ప్రయోగం చూసేవాళ్లకు ముందు వెలుగు కనబడుతుంది, ముక్కాలు నిమిషం తర్వాత గానీ చప్పుడు అందదు. కిటికీలు అదిరేసరికి రాకెట్ మబ్బుల్లో ఉంటుంది. వెర్న్ నవలలో ఫిరంగి పేలినప్పుడు చూడటానికొచ్చిన జనం మూకుమ్మడిగా నేలమీద పడతారు. ఆ పేజీ వింటూ పిల్లలు నవ్వుతారు, సూళ్లూరుపేట పెద్దలు అంత తేలిగ్గా నవ్వరు.

ఇక గొంతు. ఒక్క మనిషి పది పాత్రలు పలకడం ఈ గడ్డకు పరాయి విద్య కాదు. హరికథలో భాగవతార్ ఒక కాలు ముందుకేస్తే రాముడు, వెనక్కేస్తే శూర్పణఖ. నెల్లూరు హరికథకుడు సాంబమూర్తి గారి కొడుకు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం పాటగాడిగానే కాదు, కమల్ హాసన్‌కు తెలుగు గొంతుగా కూడా పేరు తెచ్చుకున్నాడు. పాత్రకో గొంతు పెట్టే ఆ నేర్పు తండ్రి ఇంట్లోదే అనుకోవడంలో అతిశయోక్తి లేదు. ఆడియోబుక్‌కు కావలసింది ఆ నేర్పులో సగమే. పూర్తిగా పెడితే ఏడు గంటలు భరించడం కష్టం. ఉచిత రికార్డింగులకు పేరున్న లిబ్రివాక్స్ 2005 నుంచి స్వచ్ఛంద పాఠకులతో నడుస్తోంది. అక్కడ కొన్ని పుస్తకాలకు అధ్యాయానికో మనిషి చదువుతారు. ఒక అధ్యాయంలో అమెరికన్ యాస, తర్వాతి దాంట్లో బ్రిటిష్ యాస. ‘నేను’ అంటూ సాక్ష్యం చెప్పే నవలకు ఇది గొడ్డలి పెట్టు, మధ్యలో సాక్షే మారిపోతాడు. ఒకరే మొత్తం చదివిన రికార్డింగ్‌ను వెతుక్కోవడం వెల్స్ విషయంలో తప్పనిసరి. ఫోన్ తనంతట తాను చదివే మెషిన్ గొంతు పేర్లు బాగానే పలుకుతుంది, కానీ ‘ఉల్లా’ దగ్గర ఊపిరి బిగబట్టదు.

అన్ని చోట్లా వినలేం. చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలో రాయి కోసే చోట చెవులు మూసుకోవడమే పని. అక్కడి రాయి పేరు బ్లాక్ గెలాక్సీ అయినా సరే. పల్లెవెలుగు బస్సులో ఇంజిన్ పక్క సీటులో కూర్చుంటే తగ్గు గొంతు మాటలన్నీ మాయం. ఇంగ్లిష్ ఆడియో కొత్తవాళ్లు స్పీడ్‌ను 0.85కు తగ్గించుకోవడంలో నామోషీ ఏమీ లేదు. నెట్ అందని చోట్లకు ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే 64 కేబీపీఎస్ ఎంపీ3 గంటకు 29 ఎంబీ చొప్పున, ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’ మొత్తం సుమారు 200 ఎంబీ.

తెలుగులో చేసుకోవడానికి చట్టం అడ్డు రాదు. మన దేశంలో రచయిత చనిపోయాక 60 ఏళ్లకు హక్కులు తీరతాయి. వెల్స్ 1946లో పోయాడు కాబట్టి 2007 నుంచి ఆయన రచనలు ఎవరైనా అనువదించవచ్చు, చదివి రికార్డు చేయవచ్చు. వెర్న్, షెల్లీల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎవరో చేసిన కొత్త అనువాదాన్ని మాత్రం అడగకుండా చదవకూడదు, దాని హక్కులు దానివి. అసలు కష్టం భాషది. ‘టైమ్ మెషీన్’ అనగానే తెలుగువాళ్ల కళ్లముందు మెదిలేది 1991లో సింగీతం శ్రీనివాసరావు తీసిన ‘ఆదిత్య 369’లోని యంత్రం. వెల్స్ యంత్రానికి నికెల్, ఏనుగు దంతం, స్ఫటికం, ఎక్కి కూర్చోడానికి జీను, రెండు మీటలు, అంతే. వినేవాడి తలలోని సినిమా బొమ్మను తప్పించి ఈ జీనును అక్కడ నిలబెట్టాలి. డాక్టరు గారు, ఎడిటరు గారు అంటూ అతిథులకు గారు తగిలించాలా, కాలప్రయాణికుడు వాళ్లను మీరు అనాలా, ఫిల్బీని మాత్రం నువ్వు అనాలా? ఇంగ్లిష్ ‘యూ’ ఏదీ తేల్చదు. తెలుగు మొదటి వాక్యంలోనే తేల్చాలి.

నవల చివర్లో కాలప్రయాణికుడు మళ్లీ వెళతాడు. కెమెరా, చిన్న సంచీ పట్టుకుని, అరగంట ఆగమని స్నేహితుడికి చెప్పి ప్రయోగశాలలోకి నడుస్తాడు. ఆ స్నేహితుడే మనకు కథ చెబుతున్నవాడు. ఆగాడు. మూడేళ్లయింది, ఆయన తిరిగి రాలేదు. చివరి పేజీ అయిపోయాక, అప్పటిదాకా ఎదురుచూసిన ఆ గొంతే పుస్తకం పేరు, రచయిత పేరు మరోసారి చదివి ఆగిపోతుంది. అప్పటికి రైలు ఇంకా బేసిన్ బ్రిడ్జి దగ్గరే నిలబడి ఉంటుంది.